లోపల చదివే గొంతు: ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

ఆఫీసులో ఒకాయన స్పీడ్ రీడింగ్ కోర్సు చేసొచ్చాడు. "చదివేటప్పుడు మనసులో పలకడం మానెయ్యి, స్పీడ్ మూడింతలవుతుంది" అన్నది అక్కడ చెప్పిన మొదటి సూత్రమట. మానెయ్యడం సంగతి తర్వాత. అసలు ఆ పలికేది ఎప్పుడు పలుకుతుంది, ఏ భాషలో, ఎవరి యాసలో? కాస్త కొలిచి చూడాలనిపించింది. సెలవు రోజుల్లో చేసుకోవడానికి ఎలాగూ ఏదో ఒక పని కోసం వెతుకుతున్నాను.

రెండు దారులు అనుకున్నాను. ఒకటి కండరాలు: మౌనంగా చదివేటప్పుడు గడ్డం కింద, పెదవి దగ్గర ఏమైనా కదులుతోందేమో కరెంటు సిగ్నల్‌తో పట్టుకోవడం. రెండోది టైము: ఏ పదం దగ్గర చదువరి ఎంతసేపు ఆగాడో మిల్లీసెకన్లలో రాసుకోవడం. రెండూ పాత దారులే. ఎడ్మండ్ హ్యూయీ అనే అమెరికన్ 1908లోనే లోపలి పలుకు గురించి వివరంగా రాశాడు. 1930ల మొదట్లో ఎడ్మండ్ జాకబ్సన్, మాట ఊరికే ఊహించుకున్నా నాలుక, పెదవుల కండరాల్లో చిన్న విద్యుత్ కదలిక ఉంటుందని పరికరాలతో చూపించాడు. 2018లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో అర్ణవ్ కపూర్ బృందం దవడకు తగిలించుకునే పరికరం ఒకటి చేసింది, నోరు తెరవకుండా లోపల అనుకున్న మాటల్ని గుర్తుపట్టేది. కాకపోతే అక్కడ మనిషి కావాలని లోపల పలుకుతాడు. నాకు కావలసింది కావాలని పలకనిది. పేపర్ చదువుతుంటే దానంతటదే నడిచేది.

జూన్, మూడో వారం

సామాను వచ్చింది. ఆర్డునో ఊనో, అంటే సిగ్నల్ కొలిచి కంప్యూటర్‌కి పంపే చిన్న బోర్డు, ముందే ఉంది. కండరాల సిగ్నల్ కోసం విడిగా ఒక యాంప్లిఫయర్ బోర్డు కొన్నాను. బజార్లో చవగ్గా దొరికే గుండె చప్పుడు మాడ్యూల్ ఉంది కానీ అందులో ఫిల్టరు గుండెకు సరిపోయేట్టు 40 హెర్ట్జ్ దగ్గరే కోసేస్తుంది. కండరాల సిగ్నల్‌లో మనకు పనికొచ్చేదంతా సుమారు 20 నుంచి 450 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. దాన్ని కొంటే కావలసింది పారబోసుకుని అక్కర్లేనిది దాచుకున్నట్టే.

చర్మం మీద దొరికేది మైక్రోవోల్టుల్లో ఉంటుంది. ఊనో ఐదు వోల్టుల్ని 1024 మెట్లుగా కోస్తుంది, అంటే మెట్టుకి దాదాపు 4.9 మిల్లీవోల్టులు. యాంప్లిఫయర్ లేకపోతే దానికి అసలేమీ కనపడదు. సెకనుకు కనీసం వెయ్యి సార్లు కొలవాలి. ఇదంతా కాగితం మీద సులువు. తలనొప్పంతా ఇంటి కరెంటు దగ్గర. మన సప్లై 50 హెర్ట్జ్, సరిగ్గా కండరాల సిగ్నల్ ఉండే మేరలోనే కూర్చుంటుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినా స్క్రీన్ మీద సిగ్నల్ గీత ఊగిపోతుంది. చార్జర్ పీకేసి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపితే చాలావరకు తగ్గింది. ఒంటికి తీగలు తగిలించుకున్నప్పుడు గోడ ప్లగ్గుతో సంబంధం లేకుండా ఉండటమే క్షేమం కూడా. ఎవరైనా చేయాలనుకుంటే ఈ ఒక్కటి మాత్రం తప్పకుండా పాటించండి.

ఈసీజీ తీసేటప్పుడు అంటించే జెల్ బిళ్లలు మెడికల్ షాపులోనే దొరికాయి. రెండు గడ్డం కింద, మూడోది చెవి వెనక ఎముక మీద. గడ్డం గీసుకున్న రోజున సిగ్నల్ బాగుంటోంది.

మామయ్యగారు కరీంనగర్ నుంచి వచ్చి ఉన్నారు. రిటైరైన తెలుగు పండితులు. నన్ను చూసి, "ఏంది అల్లుడూ, గొంతుకు తీగలు పెట్టుకున్నవ్? పానం మంచిగుందా?" అన్నారు. చెప్పాను. కాసేపు విని, "నేను మనసుల చదివినా రాగం వస్తది. మరి నీ మిషన్‌కు రాగం దొరుకుతదా?" అన్నారు. ఆ ప్రశ్నతో ప్రాజెక్టు అసలు దారి మారింది, ఆ సంగతి తర్వాతి వారాల్లో.

జూలై మొదట్లో

కండరాల ఫలితాలు. మింగితే గీత స్క్రీన్ దాటిపోతుంది. గుసగుసగా చదివితే స్పష్టంగా లేస్తుంది. పేపర్లో క్రికెట్ వార్త మౌనంగా చదివితే? ఖాళీ గోడ చూస్తూ కూర్చున్నప్పటి గీతకీ దీనికీ తేడా చెప్పలేకపోయాను. లోపల మాత్రం గొంతు చక్కగా వినిపిస్తూనే ఉంది. పంత్ కొట్టిన సిక్సర్‌కి ఊపుతో సహా.

తర్వాత బీరువాలోంచి ఇంటి దస్తావేజు తీశాను. "సదరు షెడ్యూలు ఆస్తిని మీరు మీ పుత్రపౌత్ర పారంపర్యముగా సర్వస్వతంత్ర హక్కులతో అనుభవించగలవారు" అనే తరహా తెలుగు. ఒక వాక్యం ఎక్కడ మొదలైందో పూర్తయ్యేసరికి గుర్తుండదు. అక్కడ గీత లేచింది. కొద్దిగానే, కానీ మళ్లీ మళ్లీ అదే చోట లేచింది, క్రియ కోసం కళ్లు వెతుక్కునే చోట.

ఈ విషయం మీద పాత ప్రయోగాలున్నాయి. 1966లో హార్డిక్, పెట్రినోవిచ్, ఎల్స్‌వర్త్ అనే ముగ్గురు కాలేజీ విద్యార్థుల గొంతు మీద ఎలక్ట్రోడ్లు పెట్టి, కండరం కదిలినప్పుడల్లా శబ్దం వినిపించేట్టు చేశారు. ఒక్క సిట్టింగ్‌లోనే విద్యార్థులు గొంతు కదపడం మానేశారు. స్పీడ్ రీడింగ్ కోర్సులవాళ్లకి పండగే కదా! కానీ వాళ్లలో ఇద్దరు 1970లో ఇంకో ప్రయోగం చేశారు. సులువైన పాఠం చదివేటప్పుడు గొంతు కండరాన్ని ఆపితే నష్టమేమీ కనపడలేదు. కష్టమైన పాఠానికి ఆపితే అర్థం చేసుకోవడం దెబ్బతింది. ఈ రెండో సగాన్ని కోర్సులో చెప్పలేదట, అడిగి కనుక్కున్నాను.

నేనూ ఊనోకి ఒక బజర్ తగిలించాను. గీత లేస్తే కీచుమంటుంది. క్రికెట్ వార్త దగ్గర బజర్ నోరు మెదపలేదు. దస్తావేజు దగ్గర కీచుమంది. కాసేపు సాధన చేస్తే దస్తావేజు దగ్గర కూడా దాన్ని మౌనంగా ఉంచగలిగాను, కానీ ఆ పేరా ఏం చెప్పిందంటే చెప్పలేను. ఇంకో విషయం నన్ను ఎక్కువ ఆకట్టుకుంది: బజర్ పూర్తిగా మౌనంగా ఉన్నప్పుడు కూడా తల లోపలి గొంతు ఆగలేదు. కండరం దాని నీడ లాంటిది. నీడ లేనంత మాత్రాన మనిషి లేడని కాదు. తీగలు తీసేసి డబ్బాలో పెట్టేశాను.

జూలై మూడో వారం: పేజీ తయారీ

ఇక టైము దారి. స్క్రీన్ మీద ఒక ముక్క కనపడుతుంది, స్పేస్ బార్ నొక్కితే అది పోయి తర్వాతది వస్తుంది. రెండు నొక్కుళ్ల మధ్య టైము రాసుకుంటుంది. పైథాన్‌లో చేద్దామనుకుంటే లినక్స్‌లో దాని విండోల్లో ఒత్తులు విడిపోయి కనిపిస్తున్నాయి. బ్రౌజర్లో తెలుగు అక్షరాలు బాగా వస్తాయి కాబట్టి మొత్తం జావాస్క్రిప్ట్‌తో ఒక వెబ్ పేజీగా మార్చాను.

పదాలు లెక్కపెట్టి నిమిషానికి ఇన్ని అంటే తెలుగుకి కుదరదు. మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో ఎన్నో అధ్యయనాలు కలిపి లెక్కవేస్తే ఇంగ్లీషులో పెద్దవాళ్లు కథలు కాని రచనల్ని మౌనంగా నిమిషానికి సగటున 238 పదాలు, పైకి 183 పదాలు చదువుతారని తేలింది. మన దగ్గర "వెళ్లిపోవలసివచ్చినప్పటికీ" ఒక్క పదం. అందుకని అక్షరాలు లెక్కపెట్టాలి. అక్కడో చిక్కు: కంప్యూటర్లలో అక్షరాలకి వాడే ప్రమాణం యూనికోడ్, దాని పాత నియమాల ప్రకారం "స్త్రీ" మూడు ముక్కలు. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి తెలుగు ఒత్తులున్న అక్షరాన్ని ఒకటిగా లెక్కపెట్టే నియమం వచ్చింది. బ్రౌజర్ పాతదైతే లెక్క తేడా వస్తుంది. తెలుగు టెక్స్ట్‌తో పనిచేసేవాళ్లు ఇది ఒకసారి చూసుకోండి.

జూలై చివర: పద్యం

మామయ్యగారి రాగం ప్రశ్నకి జవాబు ఇక్కడ వెతికాను. పద్యానికి తాళం ఉంది కాబట్టి తాళం తప్పిస్తే లోపల వినేవాడు తడబడాలి, కళ్లతో మాత్రమే చదివేవాడికి తేడా తెలియకూడదు. ఎవరికీ ముందే నోటికి వచ్చిన పద్యం పనికిరాదు. కాబట్టి కొత్తది కావాలి. "ఆటవెలది రాయండి మామయ్యగారూ" అని అడిగితే చాయ్ తాగి లేచేలోపు ఇచ్చారు:

గొంతు లేక చదువ గుండెలో వినిపించు
నాది కాని మాట నాది యగుచు
పెదవి కదలకున్న బిగ్గరగా బల్కు
పుటను దాటి వచ్చు పొరుగువాడు

ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. రెండు, నాలుగు పాదాలకు ఐదు సూర్య గణాలు. సూర్య గణమంటే మూడు లఘువులు (పొట్టిగా పలికేవి), లేదా గురువు (పొడుగ్గా పలికేది) తర్వాత లఘువు. ఇప్పుడు రెండో పాదంలో "నాది యగుచు"ని "నాదే యగుచు" చేశాను. ఒక్క ఏత్వం. అర్థం చెడదు, వ్యాకరణం చెడదు, అక్షరాల సంఖ్య మారదు. గణం మాత్రం విరుగుతుంది. పోలికకి అదే మార్పుని మామూలు వచనంలో కూడా పెట్టాను: "ఆ పుస్తకం నాది అని చెప్పాడు", "ఆ పుస్తకం నాదే అని చెప్పాడు".

వచనంలో ఎవరికీ తేడా లేదు. పద్యంలో మామయ్యగారు "నాదే" దగ్గర ఆగిపోయారు, స్పేస్ బార్ మీద వేలు అలాగే ఉంది. "గణం ఇరుగుతుంది" అన్నారు పైకే. నేనూ ఆగాను కానీ మార్చింది నేనే కదా, నా లెక్క లెక్కలోకి రాదు. మా ఆవిడకి తండ్రి నోట పద్యాలు వింటూ పెరిగిన చెవి. ఎక్కడ తేడా ఉందో చెప్పలేకపోయింది, కానీ టైము చెప్పింది. అక్క కూతురు, ఇంటర్ రెండో సంవత్సరం, సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం, ఒక్క క్షణం కూడా ఆగకుండా నడిచిపోయింది.

గణాల పేర్లు తెలియని మా ఆవిడ ఆగడం నాకు అన్నిటికన్నా విలువైన రికార్డు. నోరు కదల్లేదు, నియమం తెలియదు, అయినా చెవికి ఎక్కని తాళాన్ని ఎవరో లోపల విన్నారు. పది మందితో చేస్తేగానీ ఇది గట్టిగా చెప్పలేను. ఇంట్లో ఉన్నదేమో నలుగురం.

తర్వాత అదే పరీక్ష, కాకపోతే చదువుతూ పైకి "ల ల ల ల" అంటూ ఉండాలి. నోరు, లోపలి పలుకు రెండూ ఒకే యంత్రాంగాన్ని వాడుకుంటాయి కాబట్టి నోటిని పనిలో పెడితే లోపలి పలుకు చాలావరకు నిలిచిపోతుంది. అలన్ బాడ్లీ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త, ఆయన బృందం 1970ల నుంచి ఈ పద్ధతి వాడుతున్నారు. మామయ్యగారు "నాదే" దాటి వెళ్లిపోయారు! గణం విరిగినట్టే తెలియలేదు. పద్యం చదివినట్టే లేదన్నారు, పైగా విసుక్కున్నారు. క్రికెట్ వార్త మాత్రం "ల ల ల" అంటూ కూడా అందరం అర్థం చేసుకున్నాం. స్లోవియాచెక్, క్లిఫ్టన్ అనే ఇద్దరు 1980లో చూపించింది కూడా ఇలాంటిదే: ఒక్కో ముక్క అర్థం పోదు, ముక్కల్ని ఒకదానితో ఒకటి కలిపి అల్లుకోవలసిన అర్థం పోతుంది.

ఆగస్టు: అంకెల గొడవ

అనుకోకుండా దొరికిన భాగం ఇదే, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా.

పరీక్షకి పెట్టిన ఒక పేరాలో "1947లో" అని ఉంది. మామయ్యగారిని లోపల ఎలా వినిపించిందని అడిగాను. "పందొమ్మిది వందల నలబై ఏడు." నాకు? "నైన్‌టీన్ ఫార్టీ సెవెన్‌లో." తెలుగు వాక్యం మధ్యలో, ఏ అనుమానం లేకుండా. అంకె మీద భాష రాసి ఉండదు కదా, చదివేవాడే ఏదో ఒకటి పెట్టుకోవాలి. లోపలి గొంతు ఏ భాషదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం ఉండదు.

2011లో నాటింగ్‌హామ్‌లో రూత్ ఫిలిక్, ఎమ్మా బార్బర్ ఇంగ్లండ్ ఉత్తరాది, దక్షిణాది వాళ్లతో చిన్న హాస్య పద్యాలు మౌనంగా చదివించారు. చివరి మాట ఒక యాసలో అంత్యప్రాస కుదురుతుంది, ఇంకో యాసలో కుదరదు. తమ యాసలో ప్రాస తప్పిన చోట చదువరుల కంటి కదలికలు తడబడ్డాయి. అంటే లోపలి గొంతుకి సొంత ఊరి యాస ఉంది. నేను యాస బదులు అంకె వాడాను:

సంతకెళ్లి తాత కొన్న గొర్రెలు మూడు
ఇంటికొచ్చి లెక్కపెడితే ఉన్నవి 7

రాత్రి డ్యూటీ దిగేసరికి టైము లెవెన్
కన్ను మూసి తెరిచేలోగా అప్పుడే 7

మొదటి జతలో "ఏడు" వినపడాలి, రెండో జతలో "సెవెన్". మామయ్యగారికి మొదటిది హాయిగా వెళ్లింది, రెండోదాని దగ్గర ఆగారు. అక్క కూతురు రెండోదాని దగ్గర నవ్వింది, మొదటిదాన్ని రెండుసార్లు చదివింది. నాకు రెండూ నడిచాయి. గొర్రెలు కనపడగానే తెలుగు, టైము కనపడగానే ఇంగ్లీషు. ఫోన్ నంబర్లు, బస్సు నంబర్లు, జీతం ఇంగ్లీషు. వయసు, తద్దినం తిథి, పిల్లలెంతమంది అన్నవి తెలుగు. ఈ పట్టిక ఇంకా పెరుగుతోంది. మీ ఇంట్లో ఒకసారి అడిగి చూడండి, గొడవలు గ్యారంటీ.

దీనికో గట్టి కారణం కూడా ఉండొచ్చు. తెలుగులో సున్న నుంచి తొమ్మిది వరకు పలికితే మొత్తం 25 అక్షరాలు. ఇంగ్లీషులో జీరో నుంచి నైన్ వరకు పలుకులో 12 సిలబుల్సే. లోపల తిప్పుకుంటూ గుర్తుపెట్టుకోగలిగేది సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంత అని బాడ్లీ బృందం 1975లో చెప్పింది. 1980లో ఎల్లిస్, హెనెలీ వెల్ష్ భాష మీద ఇదే చూశారు: వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువసేపు పడుతుంది, అందుకే రెండు భాషలూ వచ్చినవాళ్లకి వెల్ష్‌లో తక్కువ అంకెలు గుర్తుంటున్నాయి. ఓటీపీ ఒక ఫోన్‌లో చూసి ఇంకో ఫోన్‌లో కొట్టేటప్పుడు "ఎనిమిది తొమ్మిది నాలుగు" అనుకుంటూ ఎవరు కూర్చుంటారు? మామయ్యగారు కూర్చుంటారు. రెండు విడతలుగా చూసి కొడతారు, తప్పు మాత్రం ఎప్పుడూ కొట్టరు.

ఆగస్టు, వానలు

యాస సంగతి మా ఆవిడతో కొంచెం తవ్వాను. నాది తెనాలి వైపు. పేపర్లో "వచ్చాడు" అని ఉంటే తనకి ఎవరి గొంతు? "వార్తలు చదివేవాళ్ల గొంతు. అమ్మ వాట్సాప్‌లో వచ్చిండు అని పెడితే అమ్మ గొంతే. నువ్వు పెట్టే మెసేజ్‌లు నీ గొంతుతోనే, అందుకే పొడుగ్గా ఉంటే చదవను." నోట్ చేసుకున్నాను.

తెలిసినవాళ్ల గొంతు వినపడటం కల్పన కాదు. 2008లో అలెగ్జాండర్, నైగార్డ్ చేసిన ప్రయోగంలో, నిదానంగా మాట్లాడే మనిషి గొంతు ముందు వినిపించి ఈ పాఠం ఆయన రాసిందే అంటే, చదివేవాళ్లు కూడా నిదానించారు, ముఖ్యంగా పాఠం కష్టంగా ఉన్నప్పుడు. 2011లో గ్లాస్గోలో బో యావో వాళ్లు మెదడు స్కానింగ్‌లో చూశారు: "అతను 'రేపు వస్తాను' అన్నాడు" అనే తరహా వాక్యం మౌనంగా చదివితే, "రేపు వస్తానని అతను చెప్పాడు" అన్నదానికన్నా, మనుషుల గొంతులకి స్పందించే మెదడు భాగాలు ఎక్కువ చురుగ్గా ఉన్నాయి. కొటేషన్ గుర్తులు పెడితే గొంతు వస్తుందన్నమాట.

ఇంకోటి. "మేక" అని రాస్తాం, ఆ ఏత్వాన్ని నోరు బాగా తెరిచి పలుకుతాం. "మేలు"లో అలా తెరవం. "చలి", "చాప" అన్నప్పుడు చకారం పళ్ల దగ్గర పుడుతుంది, "చిలుక"లో కాదు. ఒకప్పుడు ఆ చకారానికి ౘ అని వేరే గుర్తు ఉండేది, ఇప్పటి పుస్తకాల్లో లేదు. ఇంట్లో అందరికీ ఈ మాటలు లోపల మాట్లాడినట్టే వినిపించాయి, రాసినట్టు కాదు. అక్షరం సూచన ఇస్తుంది, పలకడం మాత్రం మనం పెరిగిన వీధిది.

ఆగస్టు చివర: గొంతు లేని అమ్మాయి

అక్క కూతురు మొదట్నుంచీ ఒకే మాట మీద ఉంది: "మామా, నాకు గొంతేం వినపడదు. అర్థం అయిపోతుంది, అంతే. బొమ్మలు కనపడతాయి."

నమ్మకపోవడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. రస్సెల్ హర్ల్‌బర్ట్ లాస్ వెగాస్‌లో దశాబ్దాలుగా ఒక పద్ధతి నడిపాడు: బీపర్ ఎప్పుడు మోగుతుందో తెలియదు, మోగిన ఆ క్షణానికి ముందు తలలో ఏముందో రాయాలి. కథలు చదువుతున్నవాళ్ల మీద అది వాడితే, పాఠాన్ని లోపల పలుకుతూ దొరికిన సందర్భాలు చాలా తక్కువ. నేను కూడా ఫోన్‌లో ఎప్పుడు మోగుతుందో తెలియని అలారం పెట్టుకుని నవల చదివాను. గొంతు దొరికిన సార్లకన్నా బొమ్మ, లేదా ఏమీ లేని ఒట్టి అర్థం దొరికిన సార్లే ఎక్కువ. ఉందా లేదా అని వెతుక్కుంటూ చదివినప్పుడు మాత్రం గొంతు ఎప్పుడూ ఉంటుంది. ఈ డైరీలో ముందు రాసిన "లోపల వినిపించింది" అన్న మాటల్ని ఆ మేరకు తగ్గించుకుని చదవండి. నొక్కుళ్ల టైముకి ఈ ఇబ్బంది లేదు.

2024లో నెదర్‌గార్డ్, లుప్యాన్ లోపలి మాట చాలా తక్కువగా ఉన్నవాళ్లని పరీక్షించారు. రెండు బొమ్మలు చూపించి వాటి పేర్లకి ప్రాస కుదురుతుందా అని అడిగితే వాళ్లు కొంచెం వెనకబడ్డారు. పైకి పలుకుతూ చేశామన్నవాళ్లలో ఆ తేడా పోయింది. నేను మంచం, కంచం, నక్క, కుక్క, గంట, పంట, చెట్టు, బొట్టు బొమ్మలు పెట్టాను. ఆ అమ్మాయి అన్నీ సరిగ్గానే చెప్పింది. కానీ ప్రతి జతకీ పెదవులు కదిలాయి. "నువ్వు పలుకుతున్నావు" అంటే "లేదు మామా" అంది. గడ్డం కింద బిళ్లలు అంటిస్తానంటే ససేమిరా, మొటిమలొస్తాయట.

సెప్టెంబరు: ప్రస్తుతం

ఆఫీసాయనకి నా టైములు చూపించాను. కోర్సు తర్వాత ఆయన స్పీడు నిజంగానే పెరిగింది, వార్తల దగ్గర. దస్తావేజు పేరా ఇచ్చి నాలుగు ప్రశ్నలు అడిగితే, వెనక్కి వెళ్లి లోపల పలుకుతూ చదువుకున్నాడు. పెదవి చూస్తూనే ఉన్నాను.

పేజీలో మిగిలిన పనులు: అంకెల జతలు ఇంకా రాయాలి, ఈసారి నూట యాభై, వన్ ఫిఫ్టీ రకం మూడంకెలవి. తెనాలిలో అక్కావాళ్ల పక్క ఫ్లాట్లవాళ్లు కూర్చుంటామన్నారు, కరీంనగర్‌లో మామయ్యగారి పాత విద్యార్థులు కొందరు. "నాదే"కి తోడు ఇంకో గణభంగం, "పొరుగువాడు" బదులు "పొరుగింటివాడు" కూడా పెట్టాను కానీ అక్కడ అక్షరం పెరుగుతోంది కాబట్టి ఆ టైమును పోల్చలేను. మామయ్యగారు అక్షరం పెరగకుండా గణం విరిచే పాదాలు రాయాలి. అడిగితే, "మంచి పద్యాలు రాసుడు తెలుసు గని, చెడగొట్టుడు నువ్వే నేర్చుకో" అన్నారు. ఛందస్సు పుస్తకం తెచ్చుకున్నాను, మొదటి ప్రకరణంలో ఉన్నాను.